రాతి టోగా

రాతిలో నిలబడ్డ ఆడమనిషిని మతుగెన కిందినుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఎవరయ్యా ఈ మహాతల్లి?" అంది.

"నువ్వేనే," అన్నాడు అతెపో.

"నేనా!"

ఆ మహాతల్లికి ఇంకా ముఖం లేదు. మెడ మీద గుమ్మడికాయంత రాతి ముద్ద ఉంది, అంతే. మిగతాదంతా ఉంది. మడమల దాకా జీరాడే రోమా దొరసానుల కట్టు, దాని మీద పైట, కుడిచేతిలో పిడి ఉన్న గుండ్రటి అద్దం. పక్కనున్న మగమనిషికీ ముఖం లేదు గానీ ఒంటినిండా రోమా పౌరులు కట్టే టోగా ఉంది. ఎడమ భుజం మీంచి దిగి, నడుం చుట్టి, మళ్ళీ ఎడమ ముంజేతి మీద పడి మోకాళ్ళ కిందిదాకా వేలాడే ఆ మడతలు చెక్కడానికి సక్రిల్‌కి ఒక చలికాలమంతా పట్టింది. పట్నం దక్షిణ ద్వారం బయట, సమాధుల బాట పక్కనే రాళ్ళు చెక్కుకు బతికేవాడు సక్రిల్.

అసలు ఈ రాయి చెక్కింది వీళ్ళ కోసం కాదు. ఎగువనుంచి వచ్చిన ఒక ద్రాక్షసారా వర్తకుడు తనకీ పెళ్ళానికీ సమాధిరాయి చెప్పిపోయాడు. ముఖాలు తప్ప అంతా అయ్యేసరికి ఇకౌన నదిలో పడవ తిరగబడి ఇద్దరూ కొట్టుకుపోయారు. వారసులెవరూ రాలేదు. ముఖాలు చెక్కితే చాలు, రాయి ఎవరికైనా పనికొస్తుంది. అతెపో పన్నెండు ముసుగు గొంగళ్ళు ఇచ్చి దాన్ని తన పేర చేసుకున్నాడు. పెళ్ళానికి చెప్పకుండా చేసుకున్నాడు.

"రేపో ఎల్లుండో ముఖం మొదలెడతా వదినా," అన్నాడు సక్రిల్, కళ్ళ మీద పడ్డ రాతిపొడి తుడుచుకుంటూ. "గంటసేపు నోరు కదపకుండా కూర్చోవాలి మరి."

"ఇంకేం, ఆ ముఖం పూర్తయినట్టే," అన్నాడు అతెపో.

మతుగెన ఆ మాట పట్టించుకోలేదు. అద్దం దగ్గరికెళ్ళి వేలితో టకటకా కొట్టింది. "ఇదెందుకు నా చేతికి? మనింట్లో అద్దమేదీ? ముఖం చూసుకోవాలంటే బట్టలు తొక్కే తొట్టిలో వంగి చూసుకోవడమే, అదీ ఆ కంపు ఓర్చుకుంటేనూ."

"రాతి అద్దంలో ఎవరు చూసుకోమన్నారే?"

"అది కాదయ్యా. పెద్దల రోజుల సంగతి చెప్పు."

చలికాలం మొదట్లో వచ్చే పెద్దల రోజుల్లో పట్నం పట్నమంతా బార్లీకల్లు కుండలు పట్టుకుని ఈ బాట మీదే నడుస్తుంది. రాళ్ళ మీద అక్షరాలు చదివేవాళ్ళు వందకి ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళకి బొమ్మే అక్షరం. సుత్తి ఉంటే కమ్మరి, అచ్చు ఉంటే చెప్పులు కుట్టేవాడు, పీపా ఉంటే పీపాలవాడు. ఎవరి పనివాళ్ళ రాయి దగ్గర వాళ్ళు ఆగి, ఇంత కల్లు ఒలకబోసి, కుశలమడిగి మరీ ముందుకు సాగుతారు.

"అద్దం పట్టుకున్నదానికి ఎవరు పోస్తారు కల్లు?" అంది మతుగెన. "ఎవరో సారా వర్తకుడి పెళ్ళాం, దీనికేం లోటనుకుని దాటిపోతారు. తొట్టి తొక్కే ఆడవాళ్ళంతా నా ముందునుంచే పోతారు, ఒక్కతీ ఆగదు. చచ్చాక కూడా గొంతెండి నిలబడమంటావా నన్ను?"

అతెపో కాసేపు గొణిగి, చివరికి తలెత్తకుండా అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఊరి ఉచ్చలో నిలబడి బట్టలు తొక్కావు. రాతిలోనైనా పొడిబట్ట కట్టుకోవే."

ఈ మనిషితో మతుగెనకి వచ్చిన చిక్కే ఇది. తిడదామని నోరు తెరిచేసరికి తిట్టడానికి వీల్లేని మాట ఒకటి అనేస్తాడు. ఆమె అతనివైపు చూసింది. అతెపో ఆమెని చూడటం లేదు, రాతి టోగాని చూస్తున్నాడు. అతని ఎడమ మోచేయి దానంతటదే కొద్దిగా వంగి ఉంది, మడతల బరువేదో దానిమీద ఉన్నట్టుగా.

*

మర్నాటినుంచి అతెపో బట్టలుతికే చావడిలో ఊపిరాడని పని. ఆగస్టు మొదటి రోజున గాల్ దేశపు తెగల పెద్దలంతా లుగ్దునుం నగరంలో రోమా చక్రవర్తి బలిపీఠం దగ్గర కూడతారు. ఈ పట్నంనుంచి అక్కడికి వెళ్ళే ప్రతి టోగా ముందు అతెపో చావడి గడప తొక్కాలి.

మతుగెన లంగా మోకాళ్ళ పైకి దోపుకుని తొట్టిలో దిగింది. రెండు పక్కలా ఉన్న పొట్టి గోడల మీద చేతులానించి, ఎడమకాలు, కుడికాలు, మళ్ళీ ఎడమకాలు వేస్తూ, మడమతో నొక్కి వేళ్ళతో తిప్పుతోంది. వీధి మలుపుల్లో పెట్టిన కుండల్లో ఊరంతా పోసిందాన్ని వారం మురగబెడితే, జిడ్డు వదిలించడానికి దాన్ని మించింది ఇంకోటి లేదు. అందులో దొర పోసిందేదో బానిస పోసిందేదో ఇన్నేళ్ళయినా మతుగెన పోల్చలేకపోయింది. ఈ మాట ఆమె బేరానికొచ్చిన వాళ్ళందరితోనూ అంటుంది, వాళ్ళు నవ్వినా నవ్వకపోయినా.

తొక్కిన బట్టని మూడు నీళ్ళలో జాడించి, సుద్దమట్టి పట్టించి, మళ్ళీ జాడించి, దండెం మీద వేస్తారు. ఎండిన ముళ్ళకాయలు గుచ్చిన గుత్తితో గీరితే నూగు లేస్తుంది. అక్కణ్ణుంచి పని అతెపోది. చెయ్యంత పొడుగు కత్తెరని బట్టకి ఆనీ ఆనకుండా పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క సాగున ఈ కొసనుంచి ఆ కొసకి పోతాడు. జల్లెడ పట్టిన పిండిలా నూగు కింద రాలుతుంది. రెండోసారి అదే చోట కత్తెర వెయ్యడం అతనికి నామోషీ. పట్నంలో పౌరుల ముఖాలకన్నా వాళ్ళ వీపులే అతనికి ఎక్కువ తెలుసు. ఎవరి టోగా ఎక్కడ అరిగిందో, ఎవరు ఏ పక్కకి వాలి కూర్చుంటారో చెప్పగలడు. ఇంతా చేసి ఏ టోగానీ తన భుజాన వేసుకోడు. తడిది మోసినా ముంజేతుల మీదే మోస్తాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది.

మధ్యాహ్నం సొల్లియుస్ వచ్చాడు. పట్నం సభలో గుమాస్తా. వాళ్ళ తాత సంతలో ఉల్లిపాయలమ్మేవాడు, ఆ కేక మూడు వీధులకి వినబడేది. తండ్రి ఒక ఏడాది పట్నం పెద్దగా చేసినందుకు ఇంటిల్లిపాదికీ రోమా పౌరసత్వం వచ్చింది. చెడ్డవాడు కాదు. టోగా కట్టుకోవడం మాత్రం ఈ జన్మకి రాదు.

"అతెపో మామా, నాది అయిందా?"

"దండెం మీదుంది బాబూ. రేపు తెల్లబడటానికి గంధకం పొగ వేస్తే అయిపోయినట్టే."

సొల్లియుస్ వెళ్ళలేదు. దండేలవైపు చూశాడు, నేలవైపు చూశాడు, తొట్టిలో ఉన్న మతుగెనవైపు చూసి చూపు తిప్పుకున్నాడు. తర్వాత గొంతు మార్చాడు. "సక్రిల్ దగ్గర ఒక రాయి చూశాను. నీదట."

"నాదే బాబూ." అతెపో ముఖం వెలిగిపోయింది. "చూశావా! ఎడమచేతి మీది మడతలు చూశావా?"

"చూశాను. నువ్వు పౌరుడివి కావు కదా."

"కాను."

"మరి టోగా ఎట్లా వేశావు దాని మీద? పౌరుడు కానివాడికి టోగా లేదు మామా. బతికుండగా లేదు, చచ్చాకా లేదు. నేను చూడనట్టు ఊరుకుంటే రేపు ఇంకొకడు చూస్తాడు, నా మెడకి చుట్టుకుంటుంది." సొల్లియుస్ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. ఇంటి దగ్గర రెండుమూడు సార్లు చెప్పుకుని వచ్చినట్టున్నాడు. "ఐదోరోజు పొద్దున లుగ్దునుం బయలుదేరతాం. ఆ దారినే పోవాలి. అప్పటికి ఆ బట్ట రాతి మీద కనబడకూడదు. కనబడితే సభ మనుషులు రాయి పగలగొట్టి బాటలో పరిచేస్తారు. ముందే చెప్పాను, తర్వాత నన్ననకు."

అంతసేపూ అతను వేసుకొచ్చిన పాత టోగా ఎడమ భుజం మీంచి జారుతూనే ఉంది. అతెపో కత్తెర కింద పెట్టి దగ్గరికెళ్ళి, జారిన మడతని పైకి లాగి, బొటనవేలితో నొక్కి, నడుం దగ్గర దోపి, ఒకడుగు వెనక్కి వేసి చూశాడు.

"ఇప్పుడు నిలబడుతుంది బాబూ," అన్నాడు.

సొల్లియుస్ ఎర్రబడ్డ ముఖంతో గడప దాటాడు. ఈ పట్నంలో ఎన్నో టోగాలు ఉతికి ఆరేసిన మతుగెనకి, ఆ రోజు మొదటిసారి ఒక టోగాని మనిషితో సహా తొట్టిలోకి లాగి తొక్కాలనిపించింది.

*

పొద్దుగూకేముందు ఇద్దరూ గంజి ముందు కూర్చున్నారు. అతెపో చెంచా ముట్టలేదు.

"వాడి తాత ఉల్లిపాయలు తూకంలో తగ్గించి అమ్మేవాడు," అంది మతుగెన. "వీడొచ్చి మనకి న్యాయం చెబుతాడా?"

"వాడు చెప్పింది నిజమేగా."

"నిజమైతే మాత్రం!"

"వదిలెయ్యవే. సక్రిల్‌ని ఆ రాయి పగలగొట్టి గోడకి వాడుకోమను. మనకి రెండు చెక్కలు పాతితే చాలు." అతను తన చేతులవైపు చూసుకున్నాడు. "వేసుకుంటానన్నానా నేను? ఆశ లేదు నాకు. ఇన్ని చేశాను కదా, ఒక్కటి ఎట్లా ఉంటుందో చూద్దామనుకున్నా. రాతిలోనే కదా, ఎవరికి నష్టమనుకున్నా."

నిన్నటిదాకా ఆ రాయి మీద మతుగెనే కారాలూ మిరియాలూ నూరింది. ఇప్పుడు దాని మీది టోగా తియ్యమన్నవాడి మీద నూరుతోంది. ఇందులో ధర్మం ఏముందో ఆమెకి తెలీదు. మొగుడు గంజి తాగలేదు, అది తెలుసు.

తెల్లవారగానే గొంగళి కప్పుకుని ఒక్కతే సక్రిల్ దగ్గరికి వెళ్ళింది. సంగతి అప్పటికే అతని చెవిన పడింది. రాయి ముందు చతికిలబడి బార్లీరొట్టె నములుతున్నాడు.

"గీకేస్తే పోతుందిగా?" అంది మతుగెన.

"గీకితే వట్టి రోకలి మిగుల్తుంది వదినా. మనిషికి ఒళ్ళుండాలా వద్దా?"

"లోపల ఒంటికి ఎంత రాయుంది?"

సక్రిల్ నమలడం ఆపాడు. "అంటే?"

"మా దగ్గర గొంగళికి తెచ్చిన బట్ట గుడ్డిముఖంవాడెవడో తప్పు కత్తిరిస్తే దాన్ని చొక్కా చేస్తాం. చొక్కా తప్పితే మేజోడు చేస్తాం. పెద్దదాంట్లో చిన్నది ఎప్పుడూ ఉంటుంది. ఈ టోగాలో పనిచొక్కా లేదా?"

సక్రిల్ లేచాడు. రొట్టె ఉలి పక్కన పెట్టి, రాతి మనిషి ఛాతీ మీద జానతో కొలిచాడు, పక్కకెళ్ళి కొలిచాడు. "రాయికి అతికించడం మా వల్ల కాదు గానీ తియ్యడమైతే మా పనేగా," అని తనలో తాను అనుకుంటూ రెండుసార్లు చుట్టూ తిరిగాడు. "టోగాలో రాయికేం కొదవ వదినా! ముగ్గురు పనివాళ్ళకి సరిపడా ఉంది. చొక్కా వస్తుంది, మోకాళ్ళు వస్తాయి. ఛాతీ మీది మడతల్లో ఏ పనిముట్టు కావాలంటే అది వస్తుంది."

"కత్తెర రావాలి."

"వస్తుంది."

మతుగెన రాతి మనిషి ఎడమ ముంజేతి కింద వేలాడుతున్న మడతల దగ్గర ఆగింది. అతెపో చూసిన మడతలు అవే. మంచి పనితనం, సందేహం లేదు. ఇన్నేళ్ళు తడిపి, తొక్కి, ఆరేసిన కళ్ళకి ఆ బట్ట ఎటు జారుతుందో, ఎక్కడ బరువు నిలుస్తుందో తెలుస్తోంది. అది మనిషి చేతి మీద ఉన్నా ఒకటే, మరో దానిమీద ఉన్నా ఒకటే.

"టోగా ఒంటిమీదుంటే కదా తప్పు," అంది నెమ్మదిగా. "దండెం మీదుంటే?"

సక్రిల్ ఆమెవైపు చూశాడు. మడతలవైపు చూశాడు. బొగ్గుముక్క తీసి, రాతి మనిషి ముంజేతిని దాటి వెనక పలక మీద ఒక అడ్డగీత గీశాడు. దండెం పడింది. మడతలు దానికే వేలాడుతున్నాయి, మొదటినుంచీ అక్కడే ఆరేసినట్టు.

"అమ్మ వదినా!" అన్నాడు.

"నా సంగతి కూడా చూడు మరి. ఆ కట్టులో నా కాళ్ళుంటాయా?"

"అంత పొడుగు కట్టులో కాళ్ళేమిటి, తొట్టి కూడా ఉంటుంది. ఒక కాలు తొట్టిలో, ఇంకో కాలు పైకెత్తినట్టు పెడతా. అద్దాన్ని ఏం చెయ్యమంటావు? గుండ్రంగా ఉంది, పిడి ఉంది..."

"ముళ్ళగుత్తి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

*

నాలుగు రోజులు మతుగెన అతెపోని దక్షిణ ద్వారం వైపు పోనివ్వలేదు. పోతానని అతనూ అనలేదు. చేతికొచ్చిన ప్రతి టోగానీ మామూలుకన్నా శ్రద్ధగా కత్తిరించాడు. సొల్లియుస్‌ది కూడా. దాన్ని గంధకం పొగ మీది వెదురుబుట్టలాంటి చట్రంమీంచి తీసి మడిచి, గుమాస్తా ఇంటికి తనే ముంజేతుల మీద మోసుకెళ్ళి ఇచ్చొచ్చాడు. సాయంత్రాలు మతుగెన మాత్రం సుద్దమట్టి కొనాలనీ, ముళ్ళకాయలు కొనాలనీ ఏవేవో చెప్పి సక్రిల్ దగ్గరికి పోయి కూర్చునేది. సక్రిల్ దీపం పెట్టుకుని రాత్రిళ్ళు కూడా చెక్కాడు. ముఖం చెక్కుతుంటే గంటసేపు నోరు మూసుకునే కూర్చుంది. ఆ గంట తన బతుకులోకెల్లా పొడుగైనదని తర్వాత చాలామందికి చెప్పింది. మొగుడి ముఖం మాత్రం అతను లేకుండానే ఆమె నోటిమాటగా చెప్పి చెక్కించింది. ముక్కు దగ్గర సక్రిల్‌తో రెండుసార్లు పోట్లాట కూడా అయింది.

ఐదోరోజు పొద్దున "పగలగొట్టేముందు ఒకసారి చూసి రావద్దూ?" అని అతెపోని బయలుదేరదీసింది.

వాళ్ళు వెళ్ళేసరికి బండ్లు అప్పటికే బాట మీద ఆగి ఉన్నాయి. సొల్లియుస్ దిగి రాయి ముందు నిలబడ్డాడు. పొగవేసిన టోగా ఎండలో తెల్లగా మెరుస్తోంది, ఎడమ భుజం మీంచి జారుతోంది. అతని వెనక గునపాలతో ఇద్దరు మనుషులు ఉన్నారు.

అతెపో దూరంలోనే ఆగిపోయాడు. మతుగెన అతని మోచెయ్యి పట్టుకుని నడిపించింది.

"ఇది టోగానే కదా?" అన్నాడు సొల్లియుస్ దండేన్ని చూపించి.

"టోగానే బాబుగారూ," అంది మతుగెన.

"తీసెయ్యమన్నాను కదా."

"ఒంటిమీంచి సక్రిల్ తీసేశాడుగా. చూడండి, మా ఆయన వట్టి చొక్కాతో ఉన్నాడు. ఇది వేరేవాళ్ళ టోగా. పనికిచ్చారు."

"వేరేవాళ్ళు ఎవరు?"

"తమరే అనుకోండి."

గునపంవాడొకడు ఫక్కున నవ్వి, వెంటనే దగ్గు నటించాడు. సొల్లియుస్ రాయిని మళ్ళీ చూశాడు. దండెం మీద టోగా, దాని ముందు చెయ్యంత కత్తెరతో మోకాళ్ళు బయటికి కనబడే ముసలివాడు, పక్కన తొట్టిలో ఒక కాలెత్తి, చేతిలో ముళ్ళగుత్తి పట్టుకుని పళ్ళు బిగబట్టిన ముసలామె. టోగా బాగుచెయ్యడం తప్పని రాసిన చట్టం ఏదీ లేదు. ఉంటే, ముందు తను వేసుకున్నదే విప్పాలి.

"సరే, సరే. ఇట్లాగైతే ఫర్వాలేదు," అన్నాడు. మాట తేలికపడింది. బండెక్కబోతూ ఆగి, చుట్టూ ఒకసారి చూసి, అతెపో ఎదటికి వచ్చి తన ఎడమ భుజం కొద్దిగా వంచాడు. "మామా, కొంచెం చూడవూ. లుగ్దునుం దాకా నిలబడాలి."

అతెపో దాన్ని సరిచేశాడు. బండ్లు కదిలాయి.

అప్పుడుగానీ అతను రాయి దగ్గరికి రాలేదు. మతుగెన అతనికి టోగా ఇద్దామనుకుంది గానీ, తను చేసింది దాన్ని అతని ఒంటిమీంచి ఒలిచెయ్యడమే కదా. మడతలు దండేనికి ఇచ్చి, మనిషికి కత్తెర ఇచ్చింది. కోపం వచ్చిందేమో. అడుగుదామంటే నోరు రావడం లేదు. మతుగెనకి నోరు రాకపోవడం సక్రిల్ కూడా అదే మొదటిసారి చూడటం.

అతెపో రాతి టోగా అంచు పట్టుకుని బొటనవేలితో కొసదాకా రాసుకుంటూ పోయాడు.

"ఇక్కడ నూగు లేచుంది," అన్నాడు. "నేనైతే ఇట్లా వదలను."

"నున్నరాయి అదుగో అన్నా, నువ్వే చేసుకో," అన్నాడు సక్రిల్.

అతెపో నున్నరాయి అందుకున్నాడు. తడిపి, ఊపిరి బిగబట్టి, ఒక్క సాగున ఈ కొసనుంచి ఆ కొసకి రుద్దాడు. వెనక్కి జరిగి చూశాడు. ఇక బావుంది, చాలన్నట్టు తల ఆడించాడు. మతుగెన ఇంత గట్టిగా నిట్టూర్చింది.

తర్వాత అతను తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పైకెత్తిన ఎడమపాదం సరిగ్గా అతని కళ్ళ ముందుంది. సక్రిల్ దాన్ని పాలరాతి దేవతల పాదంలా నున్నగా, గుండ్రంగా చెక్కాడు.

"ఇది ఎవరి కాలు?" అన్నాడు అతెపో.

"నాదేనయ్యా. ఊరుకో, బాగానే ఉంది," అంది మతుగెన.

"ఈ కాలికి ఎవరాగి కల్లు పోస్తారే?"

సక్రిల్‌ని సన్న ఉలి అడిగి తీసుకున్నాడు. మతుగెనవైపు ఒక్కసారి కూడా తలతిప్పలేదు. మడమ వెనకనుంచి పక్కకి ఒక పగులు గీశాడు. దాని కింద ఇంకోటి, పొట్టిది. మూడోది అరికాలి అంచుదాకా తెచ్చి, చివర రెండుగా చీల్చాడు. చిటికెనవేలి పక్కన కాయ కాసినచోట కొంచెం ఎత్తు వదిలి చుట్టూ చెక్కాడు. గీసిన ప్రతిదాన్నీ నోటితో ఊది, పొడి పోయాక వేలితో తడిమి చూసుకున్నాడు.

మతుగెన పక్కనున్న రాతిదిమ్మ మీద కూర్చుని, ఎడమచెప్పు విప్పి, పాదం మోకాలి మీద పెట్టుకుంది. రాయినీ మడమనీ మార్చి మార్చి చూసింది. మూడు పగుళ్ళూ ఉన్నాయి. మూడోది చివర చీలిందన్న సంగతి ఇన్నేళ్ళుగా ఆమెకే తెలీదు.